మూల హోటల్: ఇడ్లీకి నాలుగు మార్కులు, తగువుకి అయిదు

మారతహళ్ళిలో అవుటర్ రింగ్ రోడ్డు వదిలి లోపలికి తిరిగితే అన్నీ పీజీలే. ఆ సందుల్లో ఒక మలుపు మీద ఉంది కాబట్టి దీన్ని అందరం మూల హోటల్ అంటాం. అసలు పేరు బోర్డు మీద ఉండేదట. ఎండకు వెలిసిపోయి ఇప్పుడు చివరన ‘టిఫిన్స్’ అన్న మాట ఒక్కటే మిగిలింది. కొత్త బోర్డు పెట్టించండి బాబాయ్ అంటే, "పేరు చదివి వచ్చేదెవరమ్మా, సాంబారు వాసనకి వస్తారు గాని" అని కొట్టిపారేశారు.

ఇడ్లీ గురించి, కాఫీ గురించి రాస్తాను, తొందర లేదు. నేను నాలుగేళ్ళుగా ఇక్కడికి వెళ్తున్నది అసలు ఇంకో పని మీద. అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మొదటి రౌండు అక్కడ గురువారం రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది. అంటే మనకు శుక్రవారం తెల్లవారుజామున అయిదున్నర. ఆ వేళప్పుడు ముగ్గురు మనుషులు కూర్చుని గొంతు పెంచి వాదించుకోడానికి బెంగళూరులో ఒక్క చోటు చూపించండి చూద్దాం. మా ఇంట్లో అయితే పిల్లలు లేచి కూర్చుంటారు. తమ్ముడి పీజీలో ఓనరు లేచి కూర్చుంటాడు. మూల హోటల్ షట్టరు మాత్రం అయిదింటికి లేస్తుంది, క్యాబ్ డ్రైవర్ల కోసం, నైట్ షిఫ్ట్ దిగి కళ్ళు నలుపుకుంటూ వచ్చే నాలాంటి వాళ్ళ కోసం.

నాది హిందూపురం. పన్నెండేళ్ళుగా అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఉద్యోగం. మా క్లయింటు వాళ్ళది విస్కాన్సిన్. సోమవారం కాల్ మొదలైతే మొదటి పది నిమిషాలు అక్కడి ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ గురించే. వాళ్ళు గెలిస్తే ఆ వారం ఎస్కలేషన్లు తక్కువ, ఓడితే మా టీముకి మూడినట్టే. అలా పొట్టకూటి కోసం స్కోరు చూడడం మొదలుపెట్టినదాన్ని, రెండు సీజన్లయ్యేసరికి ఎవరూ అడక్కుండానే చూస్తున్నాను. గ్రీన్ బే జనాభా లక్ష పైచిలుకు. మా హిందూపురం కంటే చిన్న ఊరు. ఆ జట్టుకి ఓనరంటూ ఒక కోటీశ్వరుడు లేడు, షేర్లు కొనుక్కున్న మామూలు జనమే ఓనర్లు. ఇది విన్న రోజే నాకు ఆ జట్టు మీద మనసు పడింది.

మిగతా ఇద్దరి సంగతీ చెప్పాలి. బావ మా పెద్దమ్మ అల్లుడు, అమెరికాలో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఆరేళ్ళు ఉండి వచ్చాడు. సామాను సగం అక్కడే అమ్మేశాడు గాని డల్లాస్ కౌబాయ్స్ పిచ్చి మాత్రం విమానంలో వెంట తెచ్చుకున్నాడు. తమ్ముడు అనడమే గాని వాడిది చిత్తూరు. మా ఆఫీసే. హాస్టల్లో వీడియో గేమ్ ఆడేటప్పుడు, అన్నిటికంటే పనికిరాని జట్టుతో గెలిచి చూపిస్తానని పందెం కట్టి డెట్రాయిట్ లయన్స్‌ని ఎంచుకున్నాడట. 2008లో పదహారుకి పదహారూ ఓడిన జట్టు అది. పందెం సంగతి ఏమైందో చెప్పడు గాని లయన్స్ మాత్రం వాడికి అంటుకుపోయారు.

డ్రాఫ్ట్ అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళని 32 జట్లూ వరసగా ఎంచుకుంటాయి. పోయిన ఏడాది బాగా ఓడిన జట్టుకి ముందు చాన్సు. ఐపీఎల్ వేలంలా పాడుకోవడం ఉండదు, నీ వంతు వచ్చినప్పుడు మిగిలిన వాళ్ళలో ఒకణ్ణి తీసుకోవాలి, అంతే. ఆ వంతునే పిక్ అంటారు. మేం వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో మొదటి రౌండులో ఒక్కో జట్టుకి పది నిమిషాల గడువు. అంటే ఒక పిక్కుకీ ఇంకో పిక్కుకీ మధ్య ఒక ఇడ్లీ ప్లేటు, ఒక బై టూ కాఫీ సరిగ్గా పడతాయి. ఈ హోటల్ గురించి నేను చెప్పే మొదటి మంచి మాట ఇదే: ఆ పది నిమిషాల్లో వాళ్ళ కాఫీ ఎప్పుడూ వచ్చేసేది.

2022 ఏప్రిల్ 29 శుక్రవారం మేం ముగ్గురం మొదటిసారి ఇక్కడ కూర్చున్నాం. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్ నాటికి కర్ణాటకలో కరోనా కర్ఫ్యూ, హోటళ్ళలో పార్సిల్ తప్ప ఏమీ లేదు. ఫోన్లోనే పోట్లాడుకున్నాం. ఈసారి ఎదురెదురుగా. ఆ మార్చిలో ప్యాకర్స్ వాళ్ళు తమ అసలైన రిసీవర్ దవాంటే ఆడమ్స్‌ని రైడర్స్‌కి ఇచ్చేసి, బదులుగా ఆ ఏడాది 22వ పిక్, 53వ పిక్ పుచ్చుకున్నారు. బంతి విసరడానికి ఆరన్ రాడ్జర్స్ ఉన్నాడు, పట్టేవాడు లేడు. కాబట్టి ఆ 22వ పిక్కుతో రిసీవర్ వస్తాడని నేను ఒట్టేసి చెప్పాను. బావ నవ్వాడు. 2002లో జావన్ వాకర్ తర్వాత ప్యాకర్స్ మొదటి రౌండులో వైడ్ రిసీవర్‌ని తీసుకున్న పాపాన పోలేదు మరి.

ఎనిమిది దాటింది. హోటల్ నిండిపోయింది. నా ఫోన్లో స్ట్రీమింగ్ ఎప్పుడూ లోకం కంటే ఒక నిమిషం వెనక. తమ్ముడి ఫోన్‌కి మెసేజ్ ముందే వచ్చింది, వాడు కప్పు కింద పెట్టి నా మొహం కేసి చూశాడు. చచ్చాంరా అనుకున్నాను.

"ఎవరు?"

"వాకర్, అక్కా."

"ఏ వాకర్?"

"క్వే వాకర్. జార్జియా. లైన్‌బ్యాకర్."

బావ ఇడ్లీ ముక్క సాంబారులో వదిలేసి మరీ నవ్వాడు. "ఇరవై ఏళ్ళ కింద రిసీవర్ వాకర్‌ని తెచ్చారు కదా, మళ్ళీ వాకర్ కావాలని చీటీ రాసి పంపి ఉంటారు. ఏ వాకరో రాయడం మర్చిపోయారు!" ఆ రోజు అందరికంటే ముందు పిలిచిన పేరూ వాకరే, ట్రావన్ వాకర్. సరిగ్గా అప్పుడే పార్కులో నడక ముగించుకున్న పెద్దవాళ్ళు అయిదుగురు తెల్ల బూట్లతో లోపలికి వచ్చారు. "అదిగో, మీ రెండో రౌండు పిక్కులు వస్తున్నారు" అన్నాడు బావ. నేను రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాను. క్యాష్ కౌంటర్ నుంచి బాబాయ్ లేచి వచ్చారు. "ఏమైందమ్మా, ఇంటి దగ్గర అంతా క్షేమమేనా?" అన్నారు. ఆయన మొహంలో నిజంగానే కంగారు. లైన్‌బ్యాకర్‌ని తెచ్చారు బాబాయ్ అని ఎలా చెప్పను?

అయినా చెప్పాను. ఆయన కూర్చుని విన్నారు. దీనికే నేను అయిదు మార్కులూ ఇస్తున్నది. జనం నిలబడి తింటున్న వేళ, నాలుగు బల్లలున్న చోట, ఒక బల్లని మా తగువుకి వదిలేశారు. అన్నీ విని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటి: "పోయింది పట్టేవాడైతే ఆపేవాణ్ణి ఎందుకు తెచ్చారు?"

అమెరికాలో ఆ రాత్రి ప్యాకర్స్ అభిమానులు లక్షమంది అడిగిన ప్రశ్న కూడా అదే. పైగా ఆ స్థానంలో అప్పటికే డెవాండ్రే క్యాంప్‌బెల్ ఉన్నాడు, అంతకుముందు సీజన్‌లోనే ఆల్‌ప్రో, అంటే లీగ్ మొత్తంలో తన స్థానానికి మేటి అనిపించుకున్నవాడు. లోపలి లైన్‌బ్యాకర్ కోసం ప్యాకర్స్ మొదటి రౌండు పిక్కు ఖర్చు పెట్టింది 2006లో, ఎ.జె. హాక్ కోసం. పదహారేళ్ళు అక్కర్లేని సరుకు ఇప్పుడెందుకు కావాల్సి వచ్చింది అన్నది బావ వాదన. నా దగ్గర ఉన్న సమాధానం ఒకటే: సరుకు అయిపోయింది. ఆ ఏడాది 18వ పిక్కు అయ్యేసరికే ఆరుగురు రిసీవర్లు వెళ్ళిపోయారు. లండన్, విల్సన్, ఓలావే, జేమ్సన్ విలియమ్స్, డాట్సన్, బర్క్స్. పదిన్నరకి వచ్చి పూరీ లేదా అంటే ఎక్కణ్ణించి తెస్తారు? ఏడో బాపతు రిసీవర్‌ని 22లో పట్టుకురావడం కంటే మొదటి బాపతు లైన్‌బ్యాకర్ మేలు కదా అన్నాను. "ఇదంతా పిక్కు పడ్డాక పుట్టిన తెలివి" అన్నాడు బావ. నిజమే, ఒప్పుకోలేదు.

ఇక్కడ హోటల్ వాళ్ళ మీద నాకున్న పాత ఫిర్యాదు ఒకటి చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే వీళ్ళ దోసె మాస్టర్ వైట్‌ఫీల్డ్ వైపు ఇంకో హోటల్‌కి వెళ్ళిపోయాడు. ఆయన పోసిన ఎర్ర కారం దోసె తిన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ నష్టం ఏమిటో. అంచు కరకర, మధ్య మెత్తన, కారం మాడకుండా వేడెక్కి ఉండేది. పెనం మీద నీళ్ళు చల్లి చీపురుతో ఊడ్చే చప్పుడు వింటేనే ఆకలి వేసేది. ఆయన పోతే ఇంకో దోసె మాస్టర్ని తేవాలి కదా? బాబాయ్ తేలేదు. ఉన్న అసిస్టెంటుని పెనం ముందు నిలబెట్టి, ఆ జీతంతో రాయచూరు అబ్బాయి ఒకణ్ణి సప్లయర్‌గా పెట్టుకున్నారు. ఎనిమిది నెలలు దోసె నానా గడ్డి కరిచింది. ఒక రోజు అట్టులా, ఒక రోజు అప్పడంలా. బావకి ఇది దొరికిందంటే వదులుతాడా? "మీ ప్యాకర్స్ మేనేజరు ఇక్కడే ట్రైనింగ్ అయినట్టున్నాడు మరదలా" అనేవాడు.

కానీ ఆ రాయచూరు అబ్బాయిని చూస్తూనే నాకు లైన్‌బ్యాకర్ పని ఏమిటో సరిగ్గా అర్థమైంది. వాడు నిలబడే చోటు చూడండి. వెనక వంటగది, ముందు బల్లలు, ఎడమ పక్క టోకెన్ కౌంటర్. ఆ మూడింటి మధ్య అర అడుగు అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు, ఊరికే నిలబడడు. ప్లేట్ల వైపు చూడడు, చేతుల వైపు చూస్తాడు. ఇడ్లీ తుంచే చెయ్యి నెమ్మదించిందంటే చట్నీ అయిపోయిందని లెక్క. ఎవరైనా మోచెయ్యి బల్ల మీద నుంచి తీశారంటే లేవబోతున్నారని లెక్క, వెంటనే వెనక నిలబడ్డ వాణ్ణి ఆ బల్లకి తోస్తాడు. కస్టమర్ నోరు తెరవక ముందే సాంబారు బక్కెట్ వచ్చేస్తుంది. కన్నడం వాళ్ళతో కన్నడం, మనతో తెలుగు, లోపలికి మాత్రం ఈల.

లైన్‌బ్యాకర్ చేసేది ఇదే. ముందు వరసలో మూడు నలుగురు భారీ మనుషులు గుద్దుకుంటూ ఉంటారు. వాళ్ళ వెనక నాలుగైదు గజాల దూరంలో వీడు. బంతి కదిలిన మొదటి క్షణంలో ఎదుటి వాళ్ళ అడుగులు చదవాలి. పరుగు అయితే ముందుకు దూకి సందు మూసెయ్యాలి. పాస్ అయితే వెనక్కి తగ్గి రిసీవర్‌ని కాయాలి. తప్పు దిక్కున ఒక్క అడుగు పడితే చాలు, వెనక మైదానం అంతా ఖాళీ. అందుకే ఎదుటి జట్టు పరుగులా నటించి పాస్ విసురుతుంది. ఒకసారి ఒకాయన జుట్టు సర్దుకోడానికి చెయ్యెత్తాడు. మా రాయచూరు అబ్బాయి సాంబారు బక్కెట్‌తో అక్కడికి ఉరికాడు, ఈలోగా వెనక బల్ల దగ్గర ఇద్దరు డబ్బులివ్వకుండా జారుకున్నారు. వేరే ఎవరైనా తిట్టేవాళ్ళేమో, మేం ముగ్గురం మాత్రం చప్పట్లు కొట్టాం. వాడికి అర్థం కాలేదు.

వాకర్ మొదటి సీజన్ సంగతి అడక్కండి. అడిగినా చెప్పక తప్పదు, ఎందుకంటే రెండుసార్లూ నేను ఈ హోటల్లోనే ఉన్నాను. అక్టోబర్ చివర బఫలో మీద ఆట, మనకు సోమవారం పొద్దున. మైదానం అంచు మీద అవతలి జట్టు మనిషిని తోశాడు, రిఫరీలు ఆట నుంచి బయటికి పంపేశారు. సరే, కుర్రతనం అనుకున్నాం. 2023 జనవరిలో, సీజన్ చివరి ఆట, సొంత మైదానంలో తమ్ముడి లయన్స్ మీద. గెలిస్తే ప్లేఆఫ్స్. మనకు సోమవారం పొద్దున ఏడు కావస్తుండగా మొదలైంది. దెబ్బ తగిలిన ఆటగాణ్ణి చూడడానికి వచ్చిన లయన్స్ వైద్య సిబ్బందిలో ఒకాయన్ని తోశాడు మహానుభావుడు. మళ్ళీ బయటికి. 20-16తో ఓడిపోయాం, ప్లేఆఫ్స్ గోవిందా. ఆ రోజు నా ఎదురుగా గెలిచిన జట్టు అభిమాని కూర్చుని ఉన్నాడు. పాపం తమ్ముడు ఒక్క మాట అనలేదు. నా కాఫీ డబ్బులు కూడా వాడే కట్టాడు. అది ఇంకా బాధగా అనిపించింది.

ఇక తిండి గురించి.

ఇడ్లీ ఈ హోటల్‌కి ప్రాణం. రెండు ఇడ్లీ నలభై రూపాయలు. బట్ట మీద పోసిన ఇడ్లీ, మీద గుడ్డ ముద్ర కనిపిస్తుంది. నెయ్యి, కారప్పొడి అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఇవ్వరు. అడగండి. పల్లీ చట్నీ పిన్ని, అంటే బాబాయ్ గారి భార్య, స్వయంగా తిరగమోత పెడుతుంది. ఆరింటికి తిన్నవాళ్ళకి ఆ చట్నీ గట్టిగా, వెల్లుల్లి ఘాటుతో ఉంటుంది. మా వైపు దీన్ని ఊరుబిండి అంటాం, ఆ పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఎనిమిది దాటాక అదే చట్నీలో నీళ్ళు చేరతాయి. తొమ్మిదికి అది చట్నీ కాదు, చారు. ఈ మాట పిన్నితో నేరుగా అన్నాను. "జనం పెరిగితే చెరువు కూడా పలచబడుతుందమ్మా" అంది. సమాధానం బాగుంది గాని చట్నీ మారలేదు. అందుకే ఇడ్లీకి ఒక మార్కు కోశాను.

వడ పర్వాలేదు. పొంగల్ వద్దు. పూరీ ఆదివారం మాత్రమే. బాబాయ్ వాళ్ళది కనిగిరి వైపు కాబట్టి ఉగ్గాని చెయ్యరు, చెయ్యమని నాలుగేళ్ళుగా అడుగుతున్నాను. "మరమరాలు చిరుతిండి, టిఫిన్ కాదు" అంటారు. రాయలసీమ వాళ్ళెవరైనా ఇది చదివితే వెళ్ళి నా తరఫున కూడా అడగండి. నలుగురు అడిగితే కరుగుతారేమో.

కాఫీ మంచిది. డికాక్షన్ తెల్లారి నాలుగున్నరకి ఒకసారి, ఏడుకి ఒకసారి దించుతారు. ఏడు తర్వాత వచ్చే మొదటి పది కప్పులు పట్టుకోగలిగితే అదృష్టం. 2025 ఏప్రిల్ 1న నందిని పాలు లీటరుకి నాలుగు రూపాయలు పెరిగాక ఇక్కడ కాఫీ పదిహేను నుంచి ఇరవై అయింది. కప్పు మాత్రం అదే. బై టూ అంటే మొహం చిట్లించరు, రెండు కప్పుల్లోనూ సమానంగా పోస్తారు. ఈ ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు.

లోటుపాట్లు ఇంకా ఉన్నాయి. చేతులు కడిగే చోట నేల ఎప్పుడూ తడి, ఒకసారి బావ జారి పడబోయాడు. టీవీ ఉంది గాని అది భక్తి చానెల్‌కి అంకితం, రిమోట్ పిన్ని దగ్గర ఉంటుంది. డ్రాఫ్ట్ అయినా ఫైనల్ అయినా మన ఫోన్లో చూసుకోవాల్సిందే, ఫోన్‌ని నీళ్ళ జగ్గుకి ఆనించి. డబ్బు పడినప్పుడల్లా కౌంటర్ మీద డబ్బా కన్నడంలో అరుస్తుంది, పిక్కు చదివే వేళకే అరుస్తుంది. కారు పెట్టుకునే చోటు అసలు లేదు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కుటుంబంతో వెళ్ళకండి, ఐటీ పిల్లలందరూ ఒకేసారి దిగుతారు.

2023లో తమ్ముడి వంతు వచ్చింది. లయన్స్ వాళ్ళు 12వ పిక్కుతో జామీర్ గిబ్స్ అనే రన్నింగ్ బ్యాక్‌ని, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి, 18వ పిక్కుతో ఐయోవా లైన్‌బ్యాకర్ జాక్ క్యాంప్‌బెల్‌ని తీసుకున్నారు. కాలేజీ లైన్‌బ్యాకర్లలో మొనగాడికి ఇచ్చే బట్కస్ అవార్డు తెచ్చుకున్న కుర్రాడే. అయినా టీవీలో పెద్దమనుషులంతా పెదవి విరిచారు. ఇంత ముందుగా ఈ రెండు స్థానాలకి పిక్కు తగలెయ్యడమేమిటని. బావ, నేను ఏకమై వాడి మీద పడ్డాం. వాడు చల్లగా దోసె తింటూ, "మీ ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారంటే మావాళ్ళు కరెక్టే చేసుంటారక్కా" అన్నాడు. ఆ సీజన్‌లో లయన్స్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే అసలు ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద దాకా వెళ్ళారు. అక్కడ 34-31తో ఓడారు గాని వాణ్ణి ఇక ఏమంటాం? అప్పటికి హోటల్ దోసె కూడా గాడిన పడింది. పాత మాస్టర్ దోసె కాదు. తినొచ్చు.

బావకి మాత్రం అసలు లైన్‌బ్యాకర్ కథ అంతకుముందే ఉంది. 2021లో కౌబాయ్స్‌కి కావాల్సింది కార్నర్‌బ్యాక్, అంటే ఎదుటి రిసీవర్లని కాసేవాడు. ఉన్న ఇద్దరు మంచి కుర్రాళ్ళూ 8లో, 9లో వెళ్ళిపోయారు. 10వ పిక్కు చేతిలో ఉన్న కౌబాయ్స్ దాన్ని బద్ధశత్రువు ఈగల్స్‌కి ఇచ్చి, 12కి జరిగి, పెన్ స్టేట్ లైన్‌బ్యాకర్ మైకా పార్సన్స్‌ని తీసుకున్నారు. ఆ పొద్దున బావ ఫోన్లో అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ పార్సన్సే మొదటి ఏడాది పదమూడు శాక్‌లు చేసి, అంటే బంతి విసరకముందే విసిరేవాణ్ణి పడగొట్టి, డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఆ తర్వాత బావ 11 నంబరు జెర్సీ వేసుకుని హోటల్‌కి వచ్చేవాడు, ఏప్రిల్ ఉక్కపోతలో కూడా. "నేను ముందే చెప్పాను" అనేవాడు. ఏం చెప్పాడో మా ఇద్దరికీ తెలుసు.

2025 ఏప్రిల్ డ్రాఫ్ట్ జరిగిందే గ్రీన్ బేలో. ప్యాకర్స్ ఎట్టకేలకు 23వ పిక్కుతో రిసీవర్ని తీసుకున్నారు, మాథ్యూ గోల్డెన్. మా ఊళ్ళో తేరు కదిలినప్పటి కేకలు వినిపించాయి ఫోన్లోంచి. నేను అందరికీ కాఫీ ఇప్పించాను, బై టూ కాదు, ఫుల్లు. కొద్ది రోజులకే, వాకర్‌ని అయిదో ఏడాది కూడా ఉంచుకునే ఒప్పందాన్ని ప్యాకర్స్ వద్దన్నారు, వాడితో పాటే 2022లో 28వ పిక్కుగా వచ్చిన జార్జియా కుర్రాడు వయట్‌ది మాత్రం ఉంచుకున్నారు. తమ్ముడు ఆ వార్త పంపి, కింద ఏమీ రాయలేదు. నా లెక్కలో మాత్రం ఆ పిక్కు తప్పు కాదు. ఆ పొద్దున బల్ల మీద ఉన్నదాంట్లో అదే మంచి ఇడ్లీ.

ఆ ఆగస్టు 28, అమెరికాలో గురువారం. నాకు నైట్ షిఫ్ట్, ఇక్కడ అర్ధరాత్రి దాటింది. క్లయింటు వైపు నుంచి ఎవరో కాల్ మధ్యలో మ్యూట్ తియ్యకుండానే అరిచారు. పార్సన్స్‌ని డల్లాస్ వాళ్ళు ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా పుచ్చుకున్నది రెండు మొదటి రౌండు పిక్కులు, పైన ప్యాకర్స్ ఆటగాడు కెనీ క్లార్క్. ప్యాకర్స్ పార్సన్స్‌తో నాలుగేళ్ళకి 18 కోట్ల 80 లక్షల డాలర్లకి ఒప్పందం రాసుకున్నారు. బావకి ఫోన్ చెయ్యాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచించాను. చెయ్యలేదు. పొద్దున అయిదున్నరకి మూల హోటల్‌కి వెళ్తే ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఇడ్లీ ముట్టుకోలేదు. బాబాయ్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మీ బావగారి ఇంట్లో ఏమైనా…?" అన్నారు. మళ్ళీ అదే కంగారు. ఈసారి కూడా కూర్చుని విన్నారు. విని, బావ ముందు ఉన్న చల్లారిన ఇడ్లీ తీసేయించి వేడిది పెట్టించారు. ఆ రెండు ఇడ్లీలకి బిల్లు వెయ్యలేదు.

ఆ ఏడాదే దసరా ముందు సోమవారం, సెప్టెంబర్ 29. డల్లాస్‌లో ప్యాకర్స్ ఆట, పార్సన్స్ పాత మైదానానికి తిరిగి రావడం. మనకు ఆరు కాకముందే మొదలు. హోటల్లో ఆయుధ పూజకి గ్రైండర్లు కడిగి ఆరబెడుతున్నారు, ఒక బల్ల వాటికే పోయింది. బావ పాత 11 జెర్సీ వేసుకునే వచ్చాడు. దాన్ని ఏ జట్టు కోసం వేసుకున్నాడో ఆయనకే తెలియదు. తొమ్మిదయినా తేలలేదు. ఎక్స్‌ట్రా టైములో గోల్ గీత దగ్గర పార్సన్స్ వచ్చి కౌబాయ్స్ తరఫున బంతి విసిరే డాక్ ప్రెస్కాట్‌ని పడగొట్టాడు. బావ చప్పట్లు కొట్టి, ఠక్కున చేతులు కిందికి దించాడు. నేను చూడనట్టు నటించాను. రాయచూరు అబ్బాయి చూశాడు, వాడు చేతులే కదా చూసేది, చట్నీ పట్టుకొచ్చాడు.

ఆఖరి క్షణంలో ప్యాకర్స్ బంతిని తన్ని కొట్టిన ఫీల్డ్ గోల్ పడి 40-40. టై.

"ఎవరు గెలిచారమ్మా?" అన్నారు బాబాయ్ కౌంటర్ నుంచి.

"ఎవరూ గెలవలేదు బాబాయ్."

"మూడున్నర గంటల నుంచి కూర్చున్నారు!"

జనం నిలబడి తింటున్నారు. ఆయన మా బల్ల వైపు, గ్రైండర్ల వైపు, మళ్ళీ మా వైపు చూసి, లోపలికి తిరిగి కేకేశారు: "మూడో నంబర్‌కి ఇంకో బై టూ."